ఖాతా తెరుచుకోని దుబాయ్ కంపెనీ: ఒక మిర్చి ఎగుమతిదారు కేసు

నేపథ్యం

చార్టర్డ్ అకౌంటెంటుగా నా దగ్గరకు వచ్చే విదేశీ కంపెనీ వ్యవహారాల్లో ఎక్కువ భాగం దుబాయ్‌వే. వాటిలో ఒకదాన్ని ఆ వ్యాపారి అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

ఆయన గుంటూరు యార్డులో మిర్చి కొని, తొడిమలు తీయించి, కొంత కారం ఆడించి, చెన్నై రేవు మీదుగా దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవుకు పంపేవారు. పసుపు కూడా కొంత వెళ్లేది. సంస్థ ఆయన సొంత పేరు మీద నడిచే ప్రొప్రైటరీ. దుబాయ్‌లో కొనేవారు అల్ రాస్ బజారులోని టోకు వ్యాపారులు. వాళ్లు ఈయన సంచులు విప్పి, చిన్న ప్యాకెట్లు కట్టి, తమ పేరుతో కిరాణా దుకాణాలకూ హోటళ్లకూ వేసుకునేవారు. తన కారం దుబాయ్‌లోని కరామా ప్రాంతంలో ఏ ధరకు అమ్ముడవుతోందో ఆయన ఒకసారి కళ్లారా చూసి వచ్చారు. భారత్, యూఏఈల మధ్య సీపా అనే వాణిజ్య ఒప్పందం 2022 మే 1న అమల్లోకి వచ్చిన దగ్గర నుంచి అక్కడే సొంత కంపెనీ పెట్టాలన్న ఆలోచన బలపడింది.

ఒక వాణిజ్య ప్రదర్శనలో పరిచయమైన ఏజెంటు పని సులువు చేశాడు. ఉత్తర ఎమిరేట్లలోని ఒక ఫ్రీజోన్‌లో (సొంత నిబంధనలతో నడిచే ప్రత్యేక వ్యాపార ప్రాంతం), వీసా లేకుండా, పలువురు పంచుకునే ఆఫీసు బల్ల చిరునామాతో, జనరల్ ట్రేడింగ్ లైసెన్సు ఇప్పించాడు. అందులో అదే అన్నిటికంటే చవక ప్యాకేజీ. ఫీజు మొత్తం ఆయన తన క్రెడిట్ కార్డుతో కట్టేశారు. లైసెన్సు త్వరగానే చేతికొచ్చింది. ఫ్రేము కట్టించి గోడకు కూడా తగిలించారు.

నా దగ్గరకు వచ్చినప్పటి సమస్య

“ఆడిటర్ గారూ, కంపెనీ ఉంది, బ్యాంకు ఖాతా లేదు. మీకు తెలిసిన బ్యాంకు మేనేజర్ ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు. అప్పటికే రెండు బ్యాంకులు కారణం చెప్పకుండా తిరస్కరించాయి.

సమస్య ఖాతాది కాదని కాగితాలు చూసిన కాసేపటికే అర్థమైంది. ఆయన సరుకు వేయాలనుకున్నది దుబాయ్ నగరంలోని దుకాణాలకు. మరో ఎమిరేట్ ఫ్రీజోన్‌లో తీసుకున్న లైసెన్సుతో దుబాయ్ మెయిన్‌ల్యాండ్‌లో, అంటే ఫ్రీజోన్లు కాని మిగతా ప్రాంతంలో, నేరుగా అమ్మే హక్కు లేదు. ఆహార పదార్థాలు దిగుమతి చేసుకునే కంపెనీ దుబాయ్ మునిసిపాలిటీలో నమోదు కావాలి, ప్రతి ప్యాకెట్ లేబుల్‌కూ ఆమోదం ఉండాలి. ఆ నమోదుకు తగిన లైసెన్సు ఈయన దగ్గర లేదు. అంటే అమ్మడానికి వీల్లేని చోట అమ్ముతానంటూ ఖాతా అడుగుతున్నారు. ఆ దరఖాస్తును బ్యాంకు తిరస్కరించడంలో నాకు వింతేమీ కనిపించలేదు.

ఇంకో ముడి ఇక్కడ, మన దేశంలో ఉంది. విదేశీ పెట్టుబడుల నిబంధనలు 2022 ఆగస్టులో మారాయి. వాటి ప్రకారం భారత నివాసి విదేశంలో లిస్టు కాని కంపెనీ వాటాలు తీసుకుంటే అది ఓడీఐ, అంటే ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి. వాటాలు తీసుకోవడానికి లేదా డబ్బు పంపడానికి, ఏది ముందైతే దానికి, ముందుగానే అధీకృత బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ ఇచ్చి యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. ఈయన దగ్గర ఆ సంఖ్య లేదు. కార్డుతో కట్టిన ఫీజు తప్ప ఏ బ్యాంకులోనూ దీని ఆనవాలు లేదు. ఏజెంటు దీన్ని ప్రస్తావించలేదు. భారతీయ చట్టం ఏజెంట్ల ప్యాకేజీలో ఎప్పుడూ ఉండదు.

ముందు చేసిన ప్రయత్నాలు

ఉన్న కంపెనీని బాగుచేసుకోగలమా అన్నది మొదటి ప్రశ్న. అప్పటికే డబ్బు ఖర్చయింది కాబట్టి ఆ ప్రశ్నకు న్యాయంగానే సమయం ఇచ్చాం. ఆయన ఎగుమతుల షిప్పింగ్ బిల్లులు, ఎగుమతి సొమ్ము చేరిందని బ్యాంకు ఇచ్చే రియలైజేషన్ సర్టిఫికెట్లు, జీఎస్టీ రిటర్నులు, నిధుల మూలం చెప్పే పత్రాలు పెట్టి మరో బ్యాంకుకు దరఖాస్తు పంపాం. అక్కడి అధికారి ఫోనులో మర్యాదగా మాట్లాడి మూడు సంగతులు అడిగారు. సంతకం చేసే వ్యక్తికి యూఏఈ నివాస వీసా ఉందా? దుకాణంగానీ గిడ్డంగిగానీ ఉన్నాయా? జనరల్ ట్రేడింగ్ లైసెన్సు తీసుకుని కారం మాత్రమే అమ్ముతానంటున్నారు, ఎందుకు? మూడింటికీ మా దగ్గర సరైన జవాబు లేదు. ఏ సరుకైనా అమ్మవచ్చనే లైసెన్సు వ్యాపారికి స్వేచ్ఛలా అనిపిస్తుంది. బ్యాంకు మాత్రం దాన్ని ఏ లావాదేవీ ఎందుకు వచ్చిందో చెప్పలేని ఖాతాగా చూస్తుంది.

డిజిటల్ ఖాతా ఇచ్చే సంస్థలు ఉన్నాయని వ్యాపారి కుమారుడు సూచించాడు. అది తెరుచుకునేదేమో, కానీ పనికి రాదనుకున్నాం. దుబాయ్‌లో అద్దె ముందు తేదీల చెక్కులతో చెల్లిస్తారు. చిన్న దుకాణాలు అరువు సరుకు తీసుకుని ఇచ్చేవీ ముందు తేదీల చెక్కులే. 2022 జనవరి నుంచి నిధులు లేక చెక్కు బౌన్సు కావడం చాలావరకు నేరం కాకుండా పోయింది గానీ, బౌన్సైన చెక్కుతో నేరుగా అమలు కోర్టుకు వెళ్లే వీలు వచ్చింది. అక్కడ అరువు వ్యాపారానికి చెక్కే ఆధారం. చెక్కు పుస్తకం లేని, చెక్కులు జమ చేసుకోలేని ఖాతాతో కిరాణా దుకాణాల వ్యాపారం నడవదు.

తర్వాత వచ్చింది బావమరిది ఆలోచన. ఇలాంటి కేసుల్లో ఇది ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. “మా బావమరిది పన్నెండేళ్లుగా దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వీసా ఉంది, ఖాతా ఉంది. కంపెనీ అతని పేరు మీద పెట్టి, డబ్బు నేను పెడితే?” నేను ఒప్పుకోలేదు. యూఏఈలో 25 శాతం లేదా అంతకుమించి వాటా గానీ నియంత్రణ గానీ ఉన్న అసలు యజమాని పేరు రిజిస్టరులో చెప్పాలి. అక్కడ బావమరిది పేరు రాస్తే అది తప్పుడు ప్రకటన. ఇక్కడ నల్లధనం చట్టం, 2015 కింద విదేశీ ఆస్తిని రిటర్నులో చూపకపోతే 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు చరాస్తులకు ఆ జరిమానా నుంచి మినహాయింపు వచ్చింది గానీ, ఈ వ్యాపారం ఆ హద్దులో ఆగేది కాదు. ఇవన్నీ ఒక ఎత్తు. రేపు ఇద్దరి మధ్య మాట తేడా వస్తే ఏ కోర్టులోనూ ఈయన యజమాని కాదు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లి భార్యతో మాట్లాడి మరునాడు ఫోను చేసి వద్దులెండి అన్నారు. ఆవిడ ఏమన్నారో నేను అడగలేదు.

ఎక్కువ ఆశ పెట్టుకున్నదీ, చివరికి కుదరనిదీ మూడో మార్గం. ఫ్రీజోన్ కంపెనీని అలాగే ఉంచి, దాని కింద దుబాయ్ మెయిన్‌ల్యాండ్‌లో అనుబంధ కంపెనీ పెట్టడం. దుబాయ్ సలహాదారులు దీన్ని సులువుగా చేసిస్తారు, అక్కడి చట్టం ప్రకారం అభ్యంతరం ఏమీ లేదు. అడ్డం మన నిబంధన. వ్యక్తిగా పెట్టుబడి పెట్టే భారత నివాసి విదేశీ కంపెనీ మీద నియంత్రణ కలిగి ఉంటే, ఆ కంపెనీకి అనుబంధ కంపెనీ ఉండకూడదు. భారతీయ కంపెనీ, ఎల్ఎల్‌పీ లేదా నమోదైన భాగస్వామ్య సంస్థ అయితే ఉండవచ్చు. మన వ్యాపారిది ప్రొప్రైటరీ, కాబట్టి చట్టం దృష్టిలో ఆయన వ్యక్తే. సలహాదారు పంపిన చక్కటి రంగుల చార్టును అక్కడే పక్కన పెట్టాం.

రెండు దారుల మధ్య నిర్ణయం

మిగిలిన దారులు రెండు. గుంటూరులోని ప్రొప్రైటరీని ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చి ఆ కంపెనీ ద్వారా పెట్టుబడి పెట్టడం ఒకటి. ఆయనే వ్యక్తిగా దుబాయ్ మెయిన్‌ల్యాండ్‌లో ఒకే ఒక్క ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టుకోవడం రెండోది.

పుస్తకం ప్రకారం మొదటిది మెరుగు. కంపెనీ తన నికర విలువకు 400 శాతం వరకు ఆటోమేటిక్ మార్గంలో, అంటే రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండా, విదేశీ ఆర్థిక కట్టుబాటు చేయగలదు. అప్పు ఇవ్వగలదు, గ్యారంటీ ఇవ్వగలదు. వ్యక్తికి వాటాలు కొనడం తప్ప ఈ రెండూ లేవు. కానీ నికర విలువను 18 నెలలకు మించి పాతబడని ఆడిట్ బ్యాలెన్స్ షీటు నుంచి తీసుకోవాలి, కొత్త కంపెనీకి అసలు బ్యాలెన్స్ షీటే ఉండదు. పాన్ మారుతుంది కాబట్టి ఎగుమతి కోడ్, జీఎస్టీ, ఆహార లైసెన్సు, స్పైసెస్ బోర్డు నమోదు అన్నీ కొత్తగా తీసుకోవాలి. అప్పుడు అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం 47వ సెక్షన్‌లో ప్రొప్రైటరీని కంపెనీగా మార్చడానికి పన్ను మినహాయింపు ఉండేది. అయితే ఆస్తులు, అప్పులు అన్నీ బదిలీ కావాలి, ప్రతిఫలం వాటాల రూపంలోనే తీసుకోవాలి, ఐదేళ్లు సగానికి తగ్గని ఓటు హక్కు నిలబెట్టుకోవాలి. ఇదంతా మేం మాట్లాడుకుంటున్నది యార్డుకు కొత్త పంట టిక్కీలు (మిర్చి బస్తాలు) రావడం మొదలైన రోజుల్లో. సీజను మధ్యలో ఎగుమతి కోడ్ మారిస్తే ఒప్పుకున్న కంటైనర్లు ఆగిపోతాయి.

రెండోదానికి హద్దు వ్యక్తిగత చెల్లింపుల పథకం: ఏడాదికి 2,50,000 డాలర్లు. ఆయన వ్యాపారానికి కావలసిన అసలు పెట్టుబడి సరుకు రూపంలో ఇక్కడి నుంచే అరువు మీద వెళ్తుంది. నగదుగా కావలసింది లైసెన్సు, అద్దె, కొద్దిపాటి నిర్వహణ ఖర్చు మాత్రమే, కాబట్టి హద్దు ఇబ్బంది కాలేదు. ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్నులో అది సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో పంపి ఆ భారం తగ్గించాం.

రెండో దారినే ఎంచుకున్నాం. నూరు శాతం విదేశీ యాజమాన్యం కోసం ఫ్రీజోన్‌కు వెళ్లాలన్న ఏజెంటు మాట 2021 జూన్ 1కి ముందు చాలావరకు నిజం. ఆ తేదీ నుంచి ఎక్కువ వ్యాపారాలకు మెయిన్‌ల్యాండ్‌లోనూ స్థానిక భాగస్వామి అవసరం లేదు. పాత బ్రోచర్లలో అది ఇంకా అలాగే ఉంది. సున్నా పన్ను సంగతీ అంతే. 2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాల నుంచి యూఏఈలో 3,75,000 దిర్హాములు దాటిన లాభంపై 9 శాతం కార్పొరేట్ పన్ను ఉంది. ఫ్రీజోన్‌లో సున్నా శాతం కావాలంటే అక్కడ నిజమైన కార్యకలాపాలు ఉండాలి, లెక్కలు ఆడిట్ కావాలి, ఆదాయం అర్హత ఉన్న రకానిదై ఉండాలి. బల్ల చిరునామాతో కారం అమ్మే కంపెనీకి అది అందే ద్రాక్ష కాదు. పైగా డివిడెండు గుంటూరుకు రాగానే ఆయన శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. అక్కడ సున్నా వచ్చినా ఆయన జేబుకు సున్నా కాదు. అందుకే ఎంపికలో పన్నును చివర పెట్టాం, సరుకు కొనేవారిని మొదట పెట్టాం.

పని జరిగిన క్రమం

ముందుగా పాత లెక్క సరిచేయాలి. ఒక విదేశీ కంపెనీ విషయంలో నివేదన ఆలస్యమై, అది క్రమబద్ధం కాకపోతే, ఆ కంపెనీలో మళ్లీ పెట్టుబడి పెట్టకూడదని నిబంధన. కొత్త కంపెనీకి అది వర్తించదు. అయినా పాతది పెండింగులో పెట్టి కొత్త యూఐఎన్ అడిగితే బ్యాంకు సందేహిస్తుంది. బ్యాంకుకు ఒక లేఖలో జరిగింది జరిగినట్టు రాసి, ఫారం ఎఫ్‌సీ ఆలస్య రుసుముతో ఇచ్చాం. ఆ రుసుము 7,500 రూపాయలతో మొదలై, మొత్తాన్నీ ఆలస్యాన్నీ బట్టి పెరుగుతుంది. ఈ కేసులో చిన్నదే. కార్డుతో కట్టిన భాగానికి మాత్రం రిజర్వు బ్యాంకు వద్ద కాంపౌండింగ్ దరఖాస్తు (ఉల్లంఘనను ఒప్పుకుని, సొమ్ము కట్టి పరిష్కరించుకునేది) వేయాలని బ్యాంకు పట్టుబట్టింది. నిజం చెప్పాలంటే వ్యాపారికి నిద్ర పట్టనిచ్చింది ఆ దరఖాస్తే. ఆ ఏడాది రిటర్ను గడువు ఇంకా ఉంది కాబట్టి విదేశీ ఆస్తుల షెడ్యూలు కూడా పూర్తిగా నింపాం. అది ఆర్థిక సంవత్సరం కాదు, క్యాలెండర్ సంవత్సరం లెక్క అడుగుతుంది.

ఫ్రీజోన్ కంపెనీ మూసివేతలో ఒక కొత్త సంగతి బయటపడింది. లావాదేవీ ఒక్కటి లేకపోయినా కార్పొరేట్ పన్నుకు నమోదు కావాలి, ఆలస్యమైతే 10,000 దిర్హాముల జరిమానా. మొదటి రిటర్నును తొలి పన్ను కాలం ముగిసిన ఏడు నెలల్లో వేస్తే ఆ జరిమానా మాఫీ చేస్తామని అక్కడి పన్ను శాఖ 2025లో ప్రకటించింది. ఆ గడువులో రిటర్ను వేసి, తర్వాత నమోదు రద్దు చేయించాం.

కొత్త కంపెనీకి క్రమం తిరగేశాం. ముందు ఒక హోటళ్ల బృందం నుంచీ, కొన్ని కిరాణా దుకాణాల నుంచీ కొంటామన్న లేఖలు తెచ్చుకున్నారు. తర్వాత పేరు, ప్రాథమిక ఆమోదం, మెమొరాండం ముసాయిదా తీసుకుని వాటితో మన బ్యాంకులో యూఐఎన్ పొందాం. ఆ తర్వాతే వాటాలు, ఆ బ్యాంకు ద్వారానే ఫీజులు. లైసెన్సులో వ్యాపారం ఫుడ్‌స్టఫ్ ట్రేడింగ్ అని మాత్రమే రాయించాం. దుబాయ్ అద్దె ఒప్పందాల నమోదు వ్యవస్థ ఎజారీలో నమోదైన చిన్న కార్యాలయం దేరాలో, సరుకు మాత్రం రాస్ అల్ ఖోర్‌లో వేరేవారి గిడ్డంగిలో. ఆయన పేరు మీద రెండేళ్ల భాగస్వామి వీసా, ఎమిరేట్స్ ఐడీ వచ్చాయి. ఒకేసారి 180 రోజులకు మించి బయట ఉంటే ఆ వీసా రద్దవుతుందని ఆయన ఫోను క్యాలెండరులో రాసిపెట్టించాను.

ఈసారి బ్యాంకు ఇంటర్వ్యూకు నేను వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. అధికారి లైసెన్సు గురించి పెద్దగా అడగలేదట. “మీ ఖాతాదారులు ఎవరు, వాళ్లు ఎన్ని రోజులకు చెల్లిస్తారు, సరుకు ధర ఎలా నిర్ణయిస్తారు?” అని అడిగారట. మిర్చి రకాలైన తేజకూ 334కూ ఘాటులో, రంగులో తేడా ఏమిటో, హోటళ్లు ఏది కొంటాయో, దుకాణాలకు ఏ మిశ్రమం నడుస్తుందో ఈయన వివరంగా చెప్పారు. దానికి తోడు ఏళ్ల తరబడి దుబాయ్ నుంచి తన ఖాతాలోకి వచ్చిన ఎగుమతి సొమ్ము సర్టిఫికెట్లు ముందు పెట్టారు. ఖాతా తెరుచుకుంది. నా అంచనాలో పని చేసింది ఆ పాత సర్టిఫికెట్ల కట్టే. పాత కంపెనీకి మేం పంపిన దరఖాస్తులోనూ అవి ఉన్నాయి, కానీ లైసెన్సుతో అతకలేదు.

లేబుళ్ల దగ్గర కొంత నష్టం తప్పలేదు. ఇంగ్లిషు, తెలుగుల్లో అచ్చయిన ప్యాకెట్ల నిల్వ చాలా ఉంది. అరబిక్ వివరాలు తప్పనిసరి కాబట్టి ఆమోదం పొందిన స్టిక్కరు అంటించాల్సి వచ్చింది. స్టిక్కరు సరిగ్గా ఎర్ర మిరపకాయ బొమ్మ మీదే పడింది. ఆ ప్యాకెట్లను హోటళ్లకే వేసి, దుకాణాలకు కొత్తవి అచ్చు వేయించారు.

వ్యాట్‌కు తప్పనిసరి హద్దు 3,75,000 దిర్హాములు. అది రాకముందే, ఖర్చులు 1,87,500 దాటగానే స్వచ్ఛందంగా నమోదు చేయించాం. నమోదైన దిగుమతిదారు 5 శాతం వ్యాట్‌ను రిటర్నులోనే చూపి సర్దుకుంటాడు. నమోదు లేకపోతే కస్టమ్స్ దగ్గర నగదు కట్టాలి, అది తిరిగి రాదు. పల్చటి లాభంతో నడిచే సరుకులో ఆ 5 శాతం పెద్ద మొత్తమే.

ఈ కేసు నుంచి నేర్చుకున్నవి

మొదటి సమావేశంలో నేను అడిగే ప్రశ్నలు ఈ కేసుతో మారాయి. ఏ దేశం, ఏ లైసెన్సు అని మొదలుపెట్టడం మానేశాను. మొదటి ఇన్వాయిసు ఎవరి పేరు మీద, వాళ్లు ఉండేది ఎక్కడ, ఏ రూపంలో చెల్లిస్తారు అని అడుగుతాను. దీనికి పేరుతో సహా జవాబు చెప్పలేనివారిని లైసెన్సుకు డబ్బు కట్టవద్దంటాను. కొందరు నా దగ్గర నుంచి లేచి ఏజెంటు దగ్గరకు వెళ్తారు, వెళ్లనీ.

ధర విషయంలో కూడా గట్టిగా ఉండక తప్పదు. రెండు వైపులా యజమాని ఒకరే అయ్యాక, గుంటూరు నుంచి తక్కువ ధరకు బిల్లు వేసి లాభాన్ని దుబాయ్‌లో ఉంచుకోవాలనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది. సంబంధమున్న సంస్థల మధ్య ధర బయటివారికి వేసే ధరలాగే ఉండాలనే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ నిబంధనలకు అంతర్జాతీయ లావాదేవీల్లో కనీస హద్దు లేదు, మొత్తం ఎంత చిన్నదైనా అకౌంటెంటు నివేదిక ఇవ్వాలి. మాకు కలిసొచ్చింది యార్డు ధరలే. ఏ రోజు ఏ రకం ఎంత పలికిందో బహిరంగంగా ఉంటుంది. ఆ ధరకు తొడిమ తీత, ఆడింపు, ప్యాకింగు, రవాణా, సహేతుకమైన లాభం కలిపి ఒక కాగితం మీద సూత్రం రాసుకున్నాం. ప్రతి కంటైనరుతో ఆ రోజు యార్డు ధర ప్రింటు జతచేస్తారు. నిర్ణయాలన్నీ గుంటూరు నుంచే తీసుకుంటున్నారు కాబట్టి కంపెనీని భారత నివాసిగా పరిగణిస్తారా అన్న భయం కూడా ఉండేది. వార్షిక టర్నోవరు 50 కోట్లు మించని కంపెనీలకు నిర్ణయాలు తీసుకునే చోటును చూసి నివాసం తేల్చే మార్గదర్శకాలు వర్తించవని 2017లో వచ్చిన సర్క్యులర్ ఉంది. ఈయన కంపెనీ దానికి చాలా దూరంలో ఉంది.

ప్రస్తుతం దుబాయ్ కంపెనీ తన ఖర్చులు తాను భరిస్తోంది. ఏటా డిసెంబరు 31లోపు బ్యాంకుకు ఇవ్వాల్సిన పనితీరు నివేదిక మొదటిది ఇచ్చాం. ఆయన ఇప్పుడు సొంత గిడ్డంగి అద్దెకు తీసుకోవాలనుకుంటున్నారు, యజమాని గ్యారంటీ అడుగుతున్నాడు. వ్యక్తిగా ఆయన ఆ గ్యారంటీ ఇవ్వలేరు. కాబట్టి సీజను ముగిశాక ప్రొప్రైటరీని ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చే పని మొదలుపెట్టాం. దాని తొలి ఆడిట్ బ్యాలెన్స్ షీటు మార్చి 31 నాటి లెక్కలు ఆడిట్ అయ్యాక వస్తుంది. అప్పటిదాకా గ్యారంటీకి బదులు ఏడాది అద్దెకు దుబాయ్ కంపెనీ చెక్కులే ముందుగా ఇస్తామని గిడ్డంగి యజమానితో మాట్లాడుతున్నారు.